దారి ఇవ్వనివాడి తమ్ముడు

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 9

చిన్నోడా,

నువ్వు వెళ్ళి నాలుగు రోజులైంది. ఫోను చేసినప్పుడల్లా "తిన్నావా, పడుకున్నావా" తప్ప వదిన ఇంకేమీ అడగడం లేదని అనుకుంటూ ఉంటావు. అడగాల్సింది ఫోనులో అడిగేది కాదు. మనింటి గోడల సంగతి తెలుసుగా, మీ అన్న ముందు గదిలో దగ్గితే వంటింట్లో గిన్నెలు మోగుతాయి. అందుకని ఉత్తరాలు. నువ్వు మాత్రం ఇంటికి రాయకు. నేను పనిచేసే కట్టుడుపళ్ళ ల్యాబుకి రాయి.

నీకు తెలిసిన సంగతే మళ్ళీ చెబుతున్నాను. మంచి హోటళ్ళూ మెత్తటి పరుపులూ మనిషికి మతిమరుపు తెస్తాయి. ఐదేళ్ళ కిందట, పదకొండు రోజుల కొండల సైకిలు పందెంలో తొమ్మిదో రోజుకి మీ అన్న అందరికన్నా ముందున్నాడు. అన్ని రోజుల సమయం కలిపి ఎవరిది తక్కువైతే వాడిదే గెలుపు కదా, ఆ లెక్కలోనూ మొదటి పేరు మీ అన్నదే. కానీ మీ అన్న తొక్కే టీం కట్టింది దొర కోసం. అందరూ వాణ్ణి అలాగే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను, వాడి అసలు పేరు నా కలానికి అంటడం నాకిష్టం లేదు. కనుమ దాటి వానలో దిగుతుంటే దొర వెనక నుంచి "దారి ఇవ్వు" అన్నాడు. మీ అన్న ఇవ్వలేదు. మలుపులో దొర చెయ్యి మీ అన్న నడుం మీద పడింది. ఆ తర్వాత రాతిగోడ.

నడుం విరిగింది. సరే, ఆటలో విరుగుతాయి. విరగ్గొట్టినవాడే ఆస్పత్రికి పూలగుత్తి పట్టుకొచ్చి, "కుర్రాడికి తొందరెక్కువండీ" అని విలేకరులతో చెప్పాడు చూడు, అక్కడ అంటుకుంది నాకు. "సొంత తప్పిదం వల్ల పడ్డాడు, వెనక వస్తున్న ఇద్దరు దెబ్బలు తినడానికీ కారకుడయ్యాడు" అని రిఫరీ రాసిన మాట ఇప్పటికీ రికార్డుల్లో ఉంది. ఆ ఇద్దరిలో ఒకడి తల్లి మన గుమ్మం ముందు నిలబడి తిట్టిన తిట్లు నువ్వూ విన్నావు.

ఇప్పుడు వాడి టీంలోనే నీకు చోటొచ్చింది. వాడికి ఇది ఆఖరి ఏడు, గెలిచి దిగిపోవాలని చూస్తున్నాడు. పందెం దారి ప్రకటించారు. తొమ్మిదో రోజు అదే కనుమ, ఈసారి అప్పుడు దిగిన వైపు నుంచి ఎక్కాలి. నువ్వు వాడికి కుడిభుజానివి అవ్వు. చెప్పిన పనల్లా చెయ్యి. నువ్వు లేకపోతే వాడు లేడన్న క్షణం వచ్చినప్పుడు, ఆ కొండ మీద వదిలేసి వెళ్ళిపో. ఒంటి మీద చెయ్యి వెయ్యకు. సైకిలు ముట్టుకోకు. మిగతాది కొండ చూసుకుంటుంది.

మీ అన్నకి ఇదేమీ తెలియదు. తెలియకూడదు.

వదిన


శిక్షణ శిబిరం,
మార్చి 2

వదినా,

నీ ఉత్తరం చదివి చింపేశాను. ముక్కలు రెండు వేరువేరు చెత్తబుట్టల్లో వేశాను. దొంగతనానికి వచ్చినవాడిలా ఉంది నా బతుకు.

రోజుకి ఆరు గంటలు తొక్కుతున్నాం. కొండలు బాగా ఎక్కుతానని నాకు "మేక" అని పేరు పెట్టారు. టీంలో ఏడుగురం, అందులో ఆరుగురం దొరకి గొడుగులం. మా వెనక తొక్కితే వాడికి గాలి తగలదు, మూడోవంతు శ్రమ మిగులుతుంది. వాడికి దాహమేస్తే నేను టీం కారు దాకా వెనక్కి వెళ్ళి, ఎనిమిది సీసాలు చొక్కాలో దోపుకుని, పురిటి నొప్పులొచ్చిన మనిషిలా ఆపసోపాలు పడుతూ మళ్ళీ వాడి పక్కకి చేరాలి.

వాడెలా ఉంటాడో అడుగుతావని తెలుసు. ముప్ఫై ఏడేళ్ళు. తన గొలుసు తనే తుడుచుకుంటాడు, మెకానిక్కుని ముట్టుకోనివ్వడు. వంటాయన కూతురి పరీక్షలు ఎప్పుడో వాడికి గుర్తుంటుంది. నిజమే రాయాలి కాబట్టి రాస్తున్నాను, వదినా, వాడంటే ఇక్కడ అందరికీ ఇష్టం.

మొదటి రోజు భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, "మీ అన్న ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"నడుస్తున్నాడండీ, రెండు కర్రల మీద."

"మంచి తొక్కుడు వాడిది. పాపం, తొందరెక్కువ" అని నా పళ్ళెంలో ఇంకో రొట్టె వేశాడు.

తిన్నాను. నువ్వు చెప్పినట్టే.

చిన్నోడు


ల్యాబు నుంచి,
ఏప్రిల్ 20

చిన్నోడా,

అందరికీ ఇష్టమా? తేనె పూసిన కత్తిని ఈగలు కూడా ఇష్టపడతాయి. సరే, అది పక్కనపెట్టు. దేవుడున్నాడో లేడో గానీ, కట్టుడుపళ్ళు మాత్రం ఉన్నాయి.

పై అంతస్తు డాక్టరుగారు కొత్త అచ్చు ఒకటి కిందికి పంపారు. పైపళ్ళు, కిందిపళ్ళు మొత్తం కట్టాలి. చీటీ మీద పేరు చూసి సుద్దపొడి కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆ రిఫరీ! మీ అన్న రాత రాసినవాడు. పళ్ళన్నీ పీకించుకుని, నోరు ఖాళీ సంచిలా పెట్టుకుని ఉన్నాడట.

పన్ను రంగు సరిచూడాలని కిందికి పిలిపించాను. గుర్తుపట్టలేదు. నేనెవరి భార్యనో చెప్పాను. కుర్చీలోంచి లేవబోయాడు.

"కూర్చోండి. మీ నోరు నా బల్ల మీద ఉంది" అన్నాను.

"ఏం కావాలమ్మా?"

"ఆ మలుపులో మీరు చూసింది."

"నేనేం చూడలేదు."

"మీ మోటారుసైకిలు వాళ్ళ వెనక ఇరవై గజాల్లో ఉంది. వచ్చే నెలాఖరున మీకు సన్మానమటగా? మీ పళ్ళు ఇంకా మైనంలోనే నిలబెట్టి ఉన్నాయి. ఈ దీపం జానెడు ఇటు జరిగితే చాలు."

ఉన్నట్టుండి ఏడ్చాడు. పళ్ళు లేని మనిషి ఏడిస్తే ముఖం మొత్తం లోపలికి పోతుంది, చూడలేం. నేను చూశాను. "తోహాడమ్మా" అన్నాడు. పళ్ళు లేని నోట్లో స, శ నిలవవు. "మీ ఆయన్ని దొర తోహాడు. నేను చూహాను. పందెం చెడిపోతుందన్నారు, హంతకం పెట్టాను."

రాసిమ్మన్నాను. చేతులు జోడించి వెళ్ళిపోయాడు. పోనీ. పాలలో నానబెట్టిన రొట్టె ఎన్నాళ్ళు తింటాడో చూస్తాను. నేను చేస్తున్నది తప్పే, డాక్టరుగారికి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా ఆ పూట ఇంటికి నడిచి వస్తుంటే ఐదేళ్ళలో మొదటిసారి నాకు ఆకలేసింది.

మీ అన్న ఇంటి కింద సైకిళ్ళ కొట్లో ట్యూబులకి అతుకులు వేస్తూనే ఉన్నాడు. నీ పేరు పేపర్లో వచ్చిందని చూపిస్తే, "కూర్చునే సీటు ఒక వేలు ఎత్తుకోమను" అన్నాడు. అంతే.

వదిన


కొండ దిగువ హోటలు,
మే 26

వదినా,

సీటు ఒక వేలు ఎత్తాను. మోకాలి నొప్పి పోయింది. అన్నకి చెప్పు. లేదా చెప్పకు.

నీకొక మాట చెప్పాలి. పది రోజులుగా ఎలా రాయాలా అని చూస్తున్నాను. చిన్న పందెంలో దొర గెలిచాడు, ఆఖరి కొండ మొత్తం నేనే లాగాను. మర్నాడు మేనేజరు పిలిచి, దొర దిగిపోయాక వచ్చే ఏడు టీం నా కోసం కడతామన్నాడు. చెప్పింది మేనేజరే గానీ, అడిగింది దొర అట. "నా తర్వాత మేకే" అన్నాడట.

వదినా, నేను ఏడో తరగతిలో ఉండగా నువ్వు మా ఇంటికొచ్చావు. నా మొదటి సైకిలు నువ్వు పట్టుకుని పరిగెత్తితేనే కదిలింది. నీ మాట నేనెప్పుడూ కాదనలేదు. ఇప్పుడూ కాదనడం లేదు, అడుగుతున్నాను. ఆ రిఫరీ రాసిస్తే ఆ కాగితం చాలదా? అన్న పేరు మీద మచ్చ పోతుంది, దొర పరువూ పోతుంది. నేను కొండ మీద చేసేది ఏముంది ఇంక? నాయకుణ్ణి వదిలేసినవాణ్ణి ఏ టీమూ తీసుకోదు. మా లోకంలో దొంగనైనా క్షమిస్తారు గానీ, దీన్ని క్షమించరు.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

చిన్నోడు


ల్యాబు నుంచి,
జూన్ 11

చిన్నోడికి,

రిఫరీ రాసిచ్చాడు. సన్మానానికి ఇంక మూడు రోజులుందనగా వచ్చాడు. రెండు పేజీలు, సంతకం, తేదీ. పళ్ళు మాత్రం బ్రహ్మాండంగా కట్టిచ్చాను. నా చేతి పన్ను పదేళ్ళు కదలదు, నా పగ కూడా అంతే.

కాగితం చాలదా అన్నావు. కాగితం మీ అన్న పేరు కోసం. కొండ నా కోసం. వాడికి కాగితం అంటే ఏముంది, వకీలుని పెట్టుకుంటాడు, "ముసలాయనకి మతి చెదిరింది" అంటాడు, మళ్ళీ ఎవరికో రొట్టె వడ్డిస్తాడు. నమ్మినవాడి చెయ్యి నడుం మీద పడితే ఎలా ఉంటుందో వాడికి వకీలు చెప్పలేడు.

నీకు టీం ఇస్తానన్నాడు కదూ? మీ అన్నకీ అదే మాట చెప్పాడు, పడడానికి నెల ముందు.

కాగితం పందెం అయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది. ఇక నీ ఇష్టం.

వదిన


బస్‌స్టాండు, కనుమకి అవతలి వైపు,
జూలై 18

వదినా,

టీవీలో చూసే ఉంటావు. టీవీలో కనిపించనిది రాస్తాను.

నీ ఆఖరి ఉత్తరం వచ్చిన రోజే నేను వచ్చే ఏడాదికి సంతకం పెట్టేశాను. నీకు చెప్పలేదు. నిన్న ఉదయం సైకిలెక్కినప్పుడు దొరని వదిలే ఉద్దేశం నాకు లేదు. నువ్వు తిట్టినా పడదామనుకున్నాను. ఇది నీకు తెలియాలి.

దొర మొత్తం లెక్కలో యాభై సెకన్లు ముందున్నాడు. కనుమ అడుగుకి వచ్చేసరికి మా గొడుగులన్నీ ఒక్కొక్కటే రాలిపోయి, నేనూ వాడూ మిగిలాం. ఆ లెక్కలో రెండో స్థానంలో ఉన్నవాడు మాకు వంద గజాల ముందు ఎక్కుతున్నాడు. పైకి ఇంకా ఐదు కిలోమీటర్లు, ఎదురుగాలి. దొర పని అయిపోయిందని ఊపిరి వింటేనే తెలిసిపోయింది, చిరిగిన తిత్తిలా కొడుతోంది. "నెమ్మది, నెమ్మది" అన్నాడు. నెమ్మదించాను. నీళ్ళిచ్చాను. "నా చక్రం వదలకండి, మిమ్మల్ని పైకి చేరుస్తా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను వదినా.

అప్పుడొచ్చింది ఆ మలుపు. రాతిగోడలో అన్న కొట్టుకున్నచోట కొత్త రాళ్ళు పెట్టారు, రంగు తేడాగా ఉంది. నేను తల తిప్పుకున్నాను. వాడు తిప్పుకోలేదు.

"ఇక్కడే కదూ మీ అన్న పడింది?" అన్నాడు రొప్పుతూ.

"అవునండీ."

"దారి ఇమ్మన్నాను. ఇచ్చుంటే ఇవాళ బాగానే ఉండేవాడు." రెండు సార్లు ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వు అలాంటివాడివి కాదులే. చెప్పిన మాట వింటావు."

మెచ్చుకుంటున్నాడు, వదినా. ఆ రాళ్ళ పక్కన, నా నీళ్ళు తాగుతూ, నన్ను మెచ్చుకుంటున్నాడు.

గేరు మార్చాను. చిన్న చప్పుడు, అంతే. ఆ చప్పుడు విని వాడికి అర్థమైపోయింది, ఇరవై ఏళ్ళుగా వింటున్న చెవులు కదా. "ఏయ్! ఏయ్, మేకా!" అన్నాడు. పది గజాలు. ఇరవై. చెవిలోని రేడియోలో మేనేజరు అరుస్తున్నాడు, "ఆగు, ఏం చేస్తున్నావ్, ఆగు!" చెవిలోది పీకి మెడ మీదకి వదిలేశాను. వెనక్కి ఒక్కసారే చూశాను. నీకు తీసుకురావాలని బాగా చూశాను. హెల్మెట్ పక్కకి ఒరిగింది. గడ్డం మీద చొంగ. ఒక చెయ్యి ముందుకి చాచి ఉంది, అందుకుందామన్నట్టు. ఆ చేతినే చూశాను.

తర్వాత నేను తొక్కినట్టు నా బతుకులో ఎప్పుడూ తొక్కలేదు. ముందున్నవాళ్ళని ఒక్కొక్కణ్ణీ దాటాను. ఇద్దరు మాత్రం అందలేదు, మూడోవాడిగా చేరాను. దొర తొమ్మిది నిమిషాల తర్వాత వచ్చాడు, పందెం పోయింది. సైకిలు దిగబోయి దిగలేక, దాని మీదే కూర్చుండిపోయాడు.

టీం బస్సు మెట్ల మీద మేనేజరు నా హెల్మెట్ లాక్కున్నాడు. "సంచి రోడ్డు మీద ఉంది, తీసుకుపో. వచ్చే ఏడు సంగతి మర్చిపో, ఆ తర్వాత ఏడు సంగతీ మర్చిపో" అన్నాడు. వంటాయన మొహం తిప్పుకున్నాడు. అది మాత్రం గుచ్చుకుంది.

దొర లోపల కిటికీ దగ్గర ఉన్నాడు. అద్దం దించి, "ఎందుకు?" అన్నాడు.

"దారి ఇవ్వాలనిపించలేదు" అన్నాను.

ఇప్పుడు బస్సు కోసం కూర్చున్నాను. ఏ బస్సో ఇంకా అనుకోలేదు. ఇంటికి రాను. అన్న ముఖం చూడలేను.

చిన్నోడు


ఇంటి నుంచి,
ఆగస్టు 24

చిన్నోడా,

నువ్వు కార్డు మీద పంపిన చిరునామాకి రాస్తున్నాను. నీ ఉత్తరం నలిగి మెత్తబడేదాకా చదువుకున్నాను. ఆ చాచిన చెయ్యి ఉన్నచోట మరీ. పశ్చాత్తాపం వస్తుందేమో చూద్దామని ఆగాను. వాడి విషయంలో రాలేదు. రాదు కూడా.

కాగితం పత్రికకి ఇచ్చాను. మొదటి పేజీలో వేశారు. పందెం సంఘంవాళ్ళు విచారణ తెరిచారు. ఆ రోజు దెబ్బ తిన్న ఇంకో కుర్రాడు కూడా నోరు విప్పాడు, ఇన్నాళ్ళూ భయపడ్డాడట. రికార్డులో మీ అన్న పేరు పక్కనున్న మాట కొట్టేశారు. దొర ఆ ఏడు గెలిచిన గెలుపు తీసేశారు. వాళ్ళ ఊళ్ళో కూడలికి వాడి పేరు పెట్టబోయారట, పలక చెక్కించాక ఆపేశారు. ఆ పలక ఎక్కడ పడేశారో కనుక్కుని ఒకసారి చూసి రావాలనుంది. నవ్వుకో.

ఇక నవ్వులేని సంగతి. పందెం చూస్తున్నప్పుడు మీ అన్న నా పక్కనే ఉన్నాడు. నువ్వు గేరు మార్చగానే కర్రలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. నువ్వు చేరేదాకా కూర్చోలేదు. అప్పుడు నా వైపు తిరిగి, "వాడికి చెప్పింది నువ్వేనా?" అన్నాడు. అబద్ధం ఆడలేదు. ఐదేళ్ళ కిందటే ఆయన నాతో "ఇది వదిలెయ్యి, తమ్ముడి చెవిన వెయ్యకు" అన్నాడనీ, నేను ఒట్టేశాననీ నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు అతుకు వేస్తూ తలెత్తకుండా అన్నాడు: "నన్ను వాడు తోశాడు. చిన్నోణ్ణి నువ్వు తోశావు."

ఆ మాట తగిలింది నాకు. నాకు! నోట్లో నాలుక ఉందని ఊరంతా చెప్పుకునే నాకు!

పగ కావాలంటే నేనే పడి చావాల్సింది. నీ కాళ్ళతో కొండెక్కాను. మిగిలినదానికి ఏడుపు రావడంలేదు గానీ, దీనికి వస్తోంది. తిరిగి రా. అరవాలనుంటే వచ్చి నా ముందే అరువు.

వదిన


చిన్న ఊరు, కొత్త టీం గది,
అక్టోబరు 6

వదినా,

నన్ను నువ్వు తోయలేదు. నువ్వు తోసినప్పుడు నేను కదల్లేదు, అది నీకు రాశాను కదా. వాడు నన్ను మంచివాడివన్నాడు, అప్పుడు కదిలాను. ఇది మీరిద్దరూ పంచుకోవడానికి వీల్లేదు, నాది.

రెండు నెలలు సామాన్లు మోసే లారీ నడిపాను. పదకొండు టీములకి రాశాను, తొమ్మిది జవాబివ్వలేదు, ఒకటి తిట్టింది. మిగిలిన టీంకి బస్సు లేదు, వ్యాను ఉంది, దానికి వెనక తలుపు తాడుతో కడతారు. మేనేజరు ఒకావిడ, ఒకప్పుడు తనూ తొక్కిందట, ముందుపన్ను ఒకటి లేదు. నీ గిరాకీ అనుకో.

"కొండ మీద మనిషిని వదిలేసినవాడివి నువ్వే కదా?" అంది.

"నేనేనండీ."

"మళ్ళీ వదిలేస్తావా?"

"ఆ మనిషినైతే మళ్ళీ వదిలేస్తాను."

కాసేపు నన్ను కొలిచినట్టు చూసి, చొక్కా విసిరింది. ఒక సైజు పెద్దది.

నిన్నటితో మొదటి పందెం అయిపోయింది. నాలుగు రోజులది, చిన్నది, కెమెరాలు కూడా రావు. ఆఖరి కొండ ఎక్కుతుంటే మలుపులో జనం లేరు, ఒక్క మనిషి. రెండు కర్రలు చంకల్లో, చేతిలో నీళ్ళ సీసా. నీకు కొట్టు సామాను తేవడానికి వెళ్తున్నానని చెప్పాడట కదా. రెండు బస్సులు మారి వచ్చాడు.

నేను దగ్గరికొచ్చేసరికి కర్రలు రెండూ కింద పడేసి, నా పక్కన నాలుగడుగులు నడిచాడు. కర్ర లేకుండా, వదినా, నాలుగు. నీళ్ళు నా తల మీద కుమ్మరించి, "సీటు ఇంకో వేలు ఎత్తాలి" అన్నాడు. నేను ఏడుస్తున్నానో నీళ్ళు కారుతున్నాయో నాకే తెలియలేదు. పందెం అయ్యాక వ్యాను పక్కన తిరగేసిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నా గొలుసు వైపు చూసి, మురికిగా ఉందని విసుక్కున్నాడు.

తర్వాత అన్నాడు: "ఆ రోజు వాడు దారి అడిగినప్పుడు ఇవ్వొచ్చు. ఇవ్వబుద్ధి కాలేదు. గెలుస్తున్నది నేను."

"తెలుసన్నా."

"నువ్వు చేసింది తప్పు."

"తెలుసు."

"పెద్ద తప్పు. నాయకుణ్ణి వదిలేసి పోవడం, అందులోనూ కొండ మీద." కర్రతో నేల మీద గీత గీశాడు, చెరిపేశాడు. అటూ ఇటూ చూశాడు, నువ్వెక్కడైనా వింటున్నావేమోనన్నట్టు. గొంతు తగ్గించాడు.

"మీ వదినకి చెప్పకు. నువ్వు గేరు మార్చిన ఆ ముక్క టీవీలో మూడుసార్లు చూశాను."

చిన్నోడు